తడిదారి టైర్ల ఎంపిక సంఘం

సీపాన వైకుంఠరావు మత్స్యశాఖలో పాతికేళ్లు పనిచేశాడు గానీ ఒక్క చేపనైనా చేత్తో పట్టుకోలేదు. ఆ సంగతి దాచుకునేవాడు కూడా కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే, "చేపలు చెరువులో ఉంటాయి, నేను ఫైల్లో ఉంటాను. ఒకరి పనికి ఒకరం అడ్డం రాం" అని తనే చెప్పి తనే నవ్వేవాడు.

అటువంటి మనిషిని రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చాక సాహస క్రీడల ప్రాధికార సంస్థకు డిప్యూటీ డైరెక్టరుగా బదిలీ చేశారు. ఉత్తర్వులో కారణం కూడా రాశారు: "వర్షాకాల క్రీడల నిర్వహణకు తడి సంబంధిత అనుభవం గల అధికారి ఆవశ్యకత దృష్ట్యా." ఆ వాక్యం చదివి అతని భార్య హైమవతి, "తడి సంబంధిత అనుభవం అంటే ఏటండీ? ప్రతి ఏడూ గొడుగు మర్చిపోవడమా?" అంది.

ఆ ఏడు రాష్ట్రంలో అందరికీ వాన మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. ఏదో సమీక్షా సమావేశంలో పెద్దలెవరో "వర్షపాతమును వృథాగా నేలపాలు కానివ్వరాదు, పర్యాటకముగా మార్చవలెను" అన్నారట. దాంతో ప్రతి శాఖా తన వంతు వాన కోసం వెతుక్కుంది. ఒక ప్రదర్శనశాల వాళ్లు కప్పు కారే గదిని ప్రత్యేక సందర్శన కింద చేర్చారు. సాహస క్రీడల సంస్థ వంతుకు గుమ్మకొండ మీద డౌన్‌హిల్ సైకిల్ పోటీ వచ్చింది. కొండ కొన నుంచి అడుగు దాకా అడవి బాటలో, రాళ్ల మీదుగా, చెట్ల వేర్ల మీదుగా సైకిలు మీద దిగిపోవడం ఆ ఆట. అందులో తొక్కే పని తక్కువ, పడకుండా ఉండే పని ఎక్కువ. ఎండల్లోనే ఎముకలు విరిగే ఆ ఆటను జోరువానలో పెట్టాలని నిశ్చయమైంది.

రాష్ట్ర జట్టుకు నాయకురాలు కొర్రా సుభద్ర. గుమ్మకొండ కింది ఊరి పిల్ల, డిగ్రీ మధ్యలో ఆపేసి సైకిలెక్కింది. మాటలోనూ తొందరే, నడకలోనూ తొందరే. వైకుంఠరావు కుర్చీలో సర్దుకోక ముందే ఆఫీసుకి వచ్చి రెండు టైర్లు అతని బల్ల మీద పడేసింది.

"సార్, దీని మీద గోరు గుచ్చండి."

వైకుంఠరావు గుచ్చాడు. గోరు నొప్పెట్టింది గానీ దిగలేదు.

"ఇప్పుడు దీని మీద."

ఈసారి గోరు అచ్చు పడింది. పడి, మెల్లగా పూడుకుంది.

"ఇది మెత్తని రబ్బరు సార్. తడి రాయిని, తడి వేరుని పట్టుకుంటాది. ఆ గట్టిది ఎండకి బాగుంటాది, వానలో సబ్బుబిళ్లే. ఈ బొడిపెలు కూడా చూడండి. ఎత్తుగా, ఎడమెడంగా ఉండాలి. దగ్గరదగ్గరగా ఉంటే మధ్యలో బురద ఇరుక్కుని టైరు నున్నగా కుండలాగ అయిపోద్ది. ఎడంగా ఉంటే తిరిగినప్పుడల్లా బురదని విసిరేసుకుంటాది."

"మరి ఈ మెత్తవి ఎన్నాళ్లు వస్తాయమ్మా?"

"బేగి అరిగిపోతాయి సార్. అరగకుండా పట్టు రమ్మంటే ఎలా వస్తాది?"

వైకుంఠరావు అంత ఉద్యోగం చేశాడు గానీ, ఫైల్లో ఉన్న వస్తువు మీద గోరు గుచ్చి చూడటం అదే మొదలు. అతనికి టైర్ల పిచ్చి పట్టింది. ఇంట్లో చెప్పులు నొక్కాడు. మిక్సీ మూత రబ్బరు నొక్కాడు. కూరల బజారులో వంకాయలు నొక్కబోతే హైమవతి చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక పూట భోజనంలో తోటకూర పప్పు కలుపుతూ, "చూడు, వేళ్లు దగ్గరగా పెడితే పప్పు ఇరుక్కుంటుంది. ఎడంగా పెడితే జారిపోతుంది. బురద కూడా ఇంతే" అని వేళ్లు విప్పి చూపించాడు. పప్పు కంచం బయట పడింది.

"అర్థమైంది. బొడిపెలు ఎడంగా ఉండాలి. మీరు మాత్రం దగ్గరగా పెట్టుకుని తినండి" అంది హైమవతి.

ఆ ఉత్సాహంలో అతను మెత్తని రబ్బరు, ఎడం బొడిపెలు కావాలని ఒక నోట్ రాసి పైకి పంపాడు. నోట్ పైకి వెళ్లింది కనుక కమిటీ ఏర్పడింది.

తడిదారి టైర్ల ఎంపిక సంఘానికి అధ్యక్షుడు సంస్థ డైరెక్టరు వడ్లమాని చంద్రమౌళి. లెక్కల అధికారి తంగుడు విశాలాక్షి ఒక సభ్యురాలు. కొండ మీద ఏ పని జరిగినా మట్టి సంరక్షణ మండలి మనిషి ఉండాలి కనుక ఆ మండలి నుంచి బలగ పురుషోత్తం వచ్చాడు. ప్రతిపాదించినవాడు కాబట్టి వైకుంఠరావు కూడా ఉన్నాడు. సైకిలు తొక్కేవాళ్లు ఎవరూ లేరు.

"ముందుగా తడి అనగానేమి అన్నది నిర్వచించుకుందాం" అన్నాడు చంద్రమౌళి. టీలు వచ్చి, తాగడం అయ్యేదాకా నిర్వచించుకున్నారు. చివరికి "పొడి కానిది తడి" అని తీర్మానించి, పొడి అనగానేమి అన్నదాన్ని వేరే సమావేశానికి వాయిదా వేశారు.

తరువాత విశాలాక్షి నోట్ తీసింది. "వైకుంఠరావు గారూ, 'త్వరగా అరుగును' అని ఇందులో మీరే రాశారు. త్వరగా అరిగే వస్తువని తెలిసీ ఎందుకు కొన్నారని రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెబుతాం?"

"పట్టు కోసమని చెబుతాం మేడమ్."

"పట్టు కంటికి కనిపించదండీ. అరుగుదల కనిపిస్తుంది. కనిపించని దాని కోసం కనిపించేది పోగొట్టామంటే ఎవరూ ఒప్పుకోరు. బాగా గట్టి రబ్బరు, ఎన్నేళ్లయినా అరగనిది చూడండి."

పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. "బొడిపెల విషయంలో మా మండలికి తీవ్ర అభ్యంతరములు కలవు. సదరు బొడిపెలు ఎత్తుగా, ఎడంగా ఉన్నచో మట్టిని పైకి లేపి విసురును అని నోట్‌లో ఉంది. విసిరిన మట్టి ఎక్కడ పడుతుంది? ఇంకొక చోట. అనగా అనుమతి లేకుండా మట్టి స్థానచలనం."

"పోనీ బొడిపెలు దగ్గరగా ఉంటే?" అన్నాడు చంద్రమౌళి.

"అప్పుడు మట్టి టైరులో ఇరుక్కుని కొండ దిగిపోతుంది. అది ఇంకా తీవ్రం సార్. దాన్ని రవాణా అంటారు."

"మరి ఎలాంటి టైరు ఉండాలంటారు?"

"మట్టితో ఎటువంటి సంబంధమూ పెట్టుకోనిది."

వైకుంఠరావుకు చెప్పవలసిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. వేరు మీద చక్రం జారితే మెడ మీద పడతారని, ఆ మెడలు పిల్లలవని చెప్పాలనుకున్నాడు. అయితే ఉద్యోగం అతనికి వేరే విద్య నేర్పింది. నలుగురు నాలుగు రకాలుగా అంటున్నప్పుడు, ఎవరికీ నొప్పి కలగని వాక్యం ఒకటి అతని నోట్లో దానంతట అది తయారవుతుంది.

"సార్, అలాగైతే 'పొడిదారి టైరే అయినప్పటికీ తడిదారికి వర్తింపజేయదగినది' అని రాసుకోవచ్చు" అన్నాడు.

గదిలో అందరి భుజాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. "అదండీ తడి అనుభవమంటే" అన్నాడు చంద్రమౌళి. వైకుంఠరావుకు కాసేపు గర్వంగా ఉంది. తరువాత ఆ పిల్లల మెడలు మళ్లీ గుర్తొచ్చాయి. ఎలాగైనా సర్దాలని, "జట్టుకు అందజేయుటకు ముందు సదరు టైర్లను తడిదారిపై వాడి చూసి ధ్రువీకరించవలెను" అని ఇంకో వాక్యం చేర్చమన్నాడు. సుభద్ర వాడి చూస్తుంది, పనికిరావని చెబుతుంది, కథ అక్కడితో ముగుస్తుందని అతని ఆలోచన.

"మంచి మాట. ఎవరు వాడి చూడాలి?" అన్నాడు చంద్రమౌళి.

"జట్టువాళ్లు సార్."

"వాళ్లు లబ్ధిదారులు. లబ్ధిదారు తన లబ్ధిని తానే పరీక్షించుకోవడం విధివిధానాలకు విరుద్ధం. 'ప్రతిపాదించిన అధికారియే స్వయముగా వాడి ధ్రువీకరించును' అని రాయండి."

అందరూ వైకుంఠరావు వైపు చూశారు. అతను కూడా, ఆ అధికారి ఎవరో అన్నట్టు పక్కకి చూశాడు. పక్కన కిటికీ ఉంది.

టైర్లు వచ్చాయి. నల్లగా, నిగనిగలాడుతూ, చెయ్యి వేస్తే చల్లగా ఉన్నాయి. బొడిపెల బదులు వాటి మీద సన్నటి గీతలున్నాయి, అవి కూడా అలంకారానికి. సుభద్ర ఒకదాన్ని తీసి గోరు గుచ్చి చూసింది. నేల మీద దొర్లించి చూసింది. అరవలేదు, అదే వైకుంఠరావుకు కష్టంగా అనిపించింది.

"ఇవి నిండు నూరేళ్లు బతుకుతాయి సార్. మా మాటే చెప్పలేం" అంది.

"వద్దని రాసి ఇవ్వమ్మా. నేను పైకి పంపుతాను."

"వద్దంటే జట్టులోంచి తీసేస్తారంట కదా, మీ ఆఫీసువాళ్లే చెప్పారు. గెలిస్తే క్రీడల కోటాలో ఉద్యోగం వస్తాదని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. కిందటేడు మా జట్టులో గెమ్మెలి రాజు ఒక వేరు మీద జారాడు. దవడ విరిగి, వేసవి వెళ్లేదాకా జావ తాగేడు. అయినా దిగుతాను సార్. మీరు కింద నిలబడండి. పడితే మోసుకెళ్లేవాళ్లు తెలిసినవాళ్లయితే బాగుంటాది."

ఆమె వెళ్లాక విశాలాక్షి అతని బల్ల దగ్గరికి వచ్చింది. "అంత ఆలోచన ఎందుకండీ? వాడి చూడటమంటే నిజంగా ఎక్కి దిగమని కాదు. చక్రం ఒకసారి తిప్పి సంతకం పెట్టండి. మత్స్యశాఖలో పడవలకు అలాగే కదా పెట్టారు?"

నిజమే. ఒడ్డున గొడుగు కింద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "అలల స్థితిలో సంతృప్తికరం" అని అతను ఎన్నో పడవలకు సంతకాలు పెట్టాడు. కానీ జాలరులు తెలివైనవాళ్లు. సర్కారు పడవను ఒడ్డున బోర్లించి, దాని మీద వలలు ఆరేసుకుని, సొంత పడవల్లో వేటకు పోయేవారు. ఈ పిల్లకు ఆ వెసులుబాటు లేదు.

ఆ సాయంత్రం హైమవతికి అంతా చెప్పాడు.

"సంతకం పెట్టకపోతే?" అంది.

"ఇంకొకరు పెడతారు."

"నిజంగా ఎక్కితే?"

"పడతాను."

"పడితే?"

"పడ్డానని రాస్తాను. వాడి చూసినవాడు రాసింది కాదనలేరు కదా."

హైమవతి చేతిలో ఉన్న బట్టలు మడతపెట్టడం పూర్తి చేసింది. తరువాత బీరువా తెరిచి, "కొత్త బనీను వేసుకుని వెళ్లండి. ఆస్పత్రిలో చిల్లుల బనీను బాగుండదు" అంది.

పరీక్ష నాడు గుమ్మకొండ మీద వాన పొద్దున్నుంచీ విడవలేదు. కమిటీ మొత్తం మొదటి మలుపు దగ్గర గొడుగుల కింద నిలబడింది. వైకుంఠరావు సైకిలు ఎక్కడం కాలేజీ రోజుల తరువాత మళ్లీ అదే. సుభద్ర అతని తలకు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది.

"చక్రాన్ని చూడకండి సార్, దారిని చూడండి. బ్రేకు ఒక్కసారే పిండేయకండి." తరువాత గొంతు తగ్గించింది. "మీరు దిగకపోయినా మేం ఏటీ అనుకోం."

"నేను అనుకుంటానమ్మా" అన్నాడు వైకుంఠరావు.

ఆ మాట అన్నప్పుడు తన గొంతు తనకే బాగా నచ్చింది. సైకిలు కదిలాక ఆ గొంతు ఎటు పోయిందో తెలియలేదు. మొదట కాస్త దూరం గులకరాళ్లు. టైరు నిలబడింది. గాలి ముఖానికి కొట్టింది, పొట్ట లోపలికి పోయింది, ఇన్నేళ్లూ ఈ ఆనందం లేకుండా కుర్చీలో ఏం చేశానా అని కూడా అనిపించింది. గొడుగుల కింద నుంచి చంద్రమౌళి "సంతృప్తికరం, సంతృప్తికరం" అని పక్కవాళ్ల చేత రాయిస్తున్నాడు.

అప్పుడు మలుపు వచ్చింది. మలుపులో, దారికి ఏటవాలుగా, తడిసి మెరుస్తున్న ఒక వేరు ఉంది. మెత్తని రబ్బరు గురించి, ఎడం బొడిపెల గురించి, పప్పు గురించి తెలిసినదంతా అతనికి ఆ క్షణంలో వరసగా గుర్తొచ్చింది. ఏదీ అక్కరకు రాలేదు. చేతులు రెండు బ్రేకులూ కలిపి పిండేశాయి. ముందు చక్రం వేరు వెంట ఎడమకు పోయింది. వైకుంఠరావు తన దారిన తాను తిన్నగా పోయాడు.

పొదలు దాటి, గట్టు దాటి, బురదలో బోర్లా పడ్డాడు. కుడి భుజం దగ్గర ఏదో విరిగిన చప్పుడు వినిపించింది. కమిటీలో అందరికంటే ముందు పురుషోత్తం పరుగెత్తుకొచ్చి, జారిన జాడ దగ్గర ఆగిపోయాడు. వంగి చూసి, "ఈ లెక్కన ఎంత మట్టి కదిలి ఉంటుందంటారు?" అన్నాడు. సుభద్ర గట్టు మీంచి దూకి, అతన్ని దాటుకుని వచ్చి, వైకుంఠరావు తల తన ఒళ్లోకి తీసుకుంది.

"కదలకండి సార్. మాటాడగలరా?"

"జారింది" అన్నాడు వైకుంఠరావు. నొప్పితో ఒళ్లంతా వణుకుతోంది, కళ్ల వెంట నీళ్లు వస్తున్నాయి. అయినా ఆ మాట అనగానే ఏదో పెద్ద పని పూర్తి చేసినట్టు హాయిగా ఉంది.

భుజానికీ మెడకీ మధ్యనున్న ఎముక విరిగింది. కుడిచెయ్యి కట్టేశారు. ఆస్పత్రి మంచం మీద ఎడమచేత్తో, వంకర అక్షరాలతో ధ్రువీకరణ రాశాడు: "టైరు జారింది. నేను పడ్డాను. ఇవి పిల్లలకు ఇవ్వకండి." అతని ఉద్యోగ జీవితంలో అంత పొట్టి నోట్ ఎప్పుడూ రాయలేదు. ఎక్కడా "దృష్ట్యా" లేదు. చదువుకుని, మరీ బట్టలు లేకుండా ఉన్నట్టుందని కాస్త సిగ్గుపడ్డాడు గానీ, అలాగే పంపించాడు.

కొద్దిరోజులకు విశాలాక్షి బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చింది. హైమవతి కుర్చీ జరిపింది.

"మీ నోట్ మీద కమిటీ కూర్చుందండీ. టైర్లలో దోషమేమీ కనబడలేదు. అంత జారినా ఒక్క గీత పడలేదు, రవ్వంత అరగలేదు. దోషం అధికారిలో ఉన్నట్టు తేలింది."

"ఏమని రాశారు?"

"'సదరు అధికారి తడిదారికి వర్తింపజేయదగిన స్థితిలో లేరు' అని."

వైకుంఠరావుకు నవ్వొచ్చింది. తను తయారుచేసిన వాక్యమే, తనకు సరిగ్గా కొలత తీసి కుట్టినట్టుంది. నవ్వితే ఎముక కలుక్కుమంది. నవ్వు ఆగిపోయాక, "అయితే పిల్లలకు అవే టైర్లు ఇస్తారా?" అని అడిగాడు.

"అది కుదరదు. విధి నిర్వహణలో అధికారికి గాయమైతే, గాయానికి కారణమైన సామగ్రిని విచారణ ముగిసేదాకా సీలు వేసి ఉంచాలి. ఆ ఒక్క జతే కాదు, ఆ రకం మొత్తం. తాళం నా దగ్గరే ఉంది."

"విచారణ ఎవరు చేస్తారు?"

"డిప్యూటీ డైరెక్టరు స్థాయి అధికారి చెయ్యాలి. సంస్థలో ఉన్నది మీరొక్కరే. మీకు నయమయ్యాక మొదలుపెట్టాలి." విశాలాక్షి తలుపు వైపు ఒకసారి చూసి, బత్తాయిల సంచి హైమవతికి అందించింది. "వదినగారూ, ఆయన్ని పోటీ అయ్యేలోగా తొందరపడి నయం చేసుకోవద్దనండి. అప్పటిదాకా జట్టు సొంత ఏర్పాటు చేసుకోవచ్చని నేనే ఒక ముక్క రాశాను. 'తాత్కాలికముగా' అన్నాను కాబట్టి ఎవరూ చదవలేదు."

వైకుంఠరావు ఆమె ముఖంలోకి కొత్తగా చూశాడు. ఆమె అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటోంది.

పోటీ నాడు జోరున వాన. మేఘాలయ నుంచి వచ్చిన జట్టు దగ్గర తడికి తగిన టైర్లు మిగులు ఉంటే, సుభద్ర అడిగి తెచ్చుకుంది. వైకుంఠరావు చేతికి కట్టుతో కొండ అడుగున నిలబడ్డాడు. తనను కింద నిలబడమని ఆ పిల్ల అడిగింది కదా అని వచ్చాడే గానీ, పైనుంచి వచ్చే ప్రతి చప్పుడుకూ అతని ఎడమచెయ్యి విరిగిన భుజం మీదికి పోతోంది. హైమవతి గొడుగు పట్టింది.

మైకులో ఒక కుర్రగొంతు చెబుతోంది. "కొర్రా సుభద్ర బయలుదేరింది. రాళ్లమెట్లు దాటింది. ఇదిగో డీడీ మలుపులోకి వస్తోంది. డీడీ మలుపు దాటేసింది."

"డీడీ మలుపు ఏమిటి?" అన్నాడు వైకుంఠరావు.

"డిప్యూటీ డైరెక్టరు. మీరే. జట్టు పిల్లలు పెట్టుకున్న పేరట" అంది హైమవతి.

చెట్ల మధ్య నుంచి ఒక బురదముద్ద దూకి, గీత దాటి, ఆగింది. అందులోంచి రెండు కళ్లు, పళ్లు కనిపించాక అది సుభద్ర అని తెలిసింది. రెండో స్థానం. మొదటిది మేఘాలయ పిల్లకు వచ్చింది.

"టైర్లు అడిగితే ఇచ్చింది సార్. మొదటి స్థానం కూడా అడిగితే బాగోదు" అంది సుభద్ర, హెల్మెట్ తీస్తూ. "రెండో స్థానానికి కూడా కోటా ఉందంట. మా నాన్న అప్పుడే ఏడుస్తున్నాడు." ఆమె ఒంటి మీద ఎక్కడా గీత లేదు. వైకుంఠరావు తల నుంచి కాలి దాకా రెండుసార్లు చూసుకుని, అప్పుడు ఊపిరి వదిలాడు.

అంతలో చంద్రమౌళి గొడుగు కింద నడుచుకుంటూ వచ్చి, అతన్ని కాస్త పక్కకు పిలిచాడు.

"ఇందాక మైకులో డీడీ మలుపు అన్నారు. అది మీరేనట."

"అవును సార్."

"పేరు పెట్టడం తప్పనను. కానీ హోదా క్రమం అంటూ ఒకటి ఉంది కదండీ. డైరెక్టరు ఉండగా డిప్యూటీ డైరెక్టరు పేరు పెడితే ప్రజల్లోకి ఎటువంటి సంకేతం వెళ్తుంది?"

"అది మన ఆఫీసు పెట్టింది కాదు సార్. జట్టువాళ్లే పెట్టుకున్నారు."

"వాళ్ల ఇష్టమేనా? ఎవరు పడితే వాళ్ల పేరు పెట్టేయడమేనా? ఒక పద్ధతి లేదూ?"

"అదే పద్ధతి సార్" అన్నాడు వైకుంఠరావు. "అక్కడ ఎవరు పడితే వాళ్ల పేరే."

చంద్రమౌళికి కాసేపటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గొడుగు కాస్త వెనక్కి వంచి కొండ వైపు చూశాడు. వానలో దారి నిలువునా మెరుస్తోంది. చాలాసేపు అలా చూసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"పడటానికి ప్రతినిధిని పంపితే చెల్లుతుందా?"